మీ దస్తఖత్ ఎవరి డ్రాయర్‌లో ఉంది?



మనవాళ్ల ఇళ్లలో, దుకాణాల్లో ఈ మధ్య ఒకే జవాబు వింటున్నాను. డిజిటల్ సంతకం టోకెన్ ఎక్కడుంది భాయ్? ఆడిటర్ సాబ్ దగ్గర. దాని పిన్? ఆయన దగ్గరే. జీఎస్టీ లాగిన్? ఆయనే పెట్టారు. మసీదు కమిటీ ఈమెయిల్ పాస్‌వర్డ్? సెక్రటరీ గారి భతీజా దగ్గర. అమ్మీ ఫోన్ పిన్? ఇంట్లో అందరికీ తెలుసు, పక్కింటి పిల్లలకు కూడా తెలుసు.

ఈ జవాబులు చెప్పేవాళ్ల ముఖంలో ఫికర్ కనబడదు. పైగా ఒక ఇత్మినాన్. "అప్నే ఆద్మీ హైఁ" అంటారు. దీన్ని మనం భరోసా అని పిలుచుకుంటున్నాం. ఇది భరోసా కాదు, లాపర్వాహీ. ఇంకా సాఫ్‌గా చెప్పాలంటే, మన చేతికి వచ్చిన అమానత్‌లో మనమే చేస్తున్న ఖయానత్.

మాట కటువుగా ఉందా? ఉండనివ్వండి. ఎందుకంటున్నానో వినండి.

చెయ్యి లేని దస్తఖత్

దస్తఖత్ ఫార్సీ మాట. దస్త్ అంటే చెయ్యి, ఖత్ అంటే రాత. చెయ్యి రాసింది కాబట్టే దానికి విలువ. ఎవడైనా నకలు కొడితే "ఇది నా చేతిరాత కాదు" అని మనిషి కోర్టులో నిలబడి చెప్పేవాడు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి పోల్చి చూసేవాళ్లు.

డిజిటల్ సంతకంలో చెయ్యి లేదు. పెన్‌డ్రైవ్ లాంటి చిన్న టోకెన్‌లో ఒక పెద్ద ఖుఫియా సంఖ్య ఉంటుంది. దాన్నే ప్రైవేట్ కీ అంటారు. దానికి జోడీగా పబ్లిక్ కీ ఉంటుంది, అది అందరికీ కనబడుతుంది. ప్రైవేట్ కీతో వేసిన సంతకాన్ని పబ్లిక్ కీతో ఎవరైనా సరిచూసుకోవచ్చు. కానీ పబ్లిక్ కీని పట్టుకుని ప్రైవేట్ కీని లెక్కగట్టడం ఇప్పుడున్న కంప్యూటర్ల వల్ల కాదు. కాబట్టి సంతకం సరిపోయిందంటే దానికి ఒకటే అర్థం. ఆ టోకెనూ ఆ పిన్నూ ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్లు వేశారు. వేసింది మీరా, ఆడిటర్ ఆఫీసులో నిన్న చేరిన కుర్రాడా అన్నది గణితానికి తెలియదు. చట్టం మాత్రం ముందుగా మీరేనని అనుకుంటుంది.

2000 నాటి ఐటీ చట్టం 42వ సెక్షన్ ఎవరైనా వకీల్‌తో చదివించుకోండి. అందులో ఉన్న సంగతి ఇది. సర్టిఫికెట్ ఎవరి పేరున ఉందో ఆ మనిషి తన ప్రైవేట్ కీని తన అదుపులో ఉంచుకోవడానికి తగిన జాగ్రత్త తీసుకోవాలి. అది పరాయి చేతిలో పడిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు చెప్పాలి. చెప్పేదాకా జిమ్మేదారీ ఆ మనిషిదే. వేరేవాళ్ల సంతకాన్నో పాస్‌వర్డ్‌నో మోసంతో వాడితే 66సీ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు ఉంది, నిజమే. కానీ మీరే చేతిలో పెట్టి, పిన్ కూడా రాసిచ్చి, "ఆయన మోసం చేశాడు" అని నిరూపించడం ఎంత కష్టమో ఆలోచించండి.

మా పెద్దల తరంలో ఖాళీ స్టాంపు కాగితం మీద నిషాని వేయించుకుని పొలాలు రాయించుకున్న కథలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. వాళ్లకు చదువు లేదు, అందుకు మోసపోయారు అని జాలిపడతాం. ఇవాళ బీకాం చదివిన కొడుకు పిన్ రాసిన టోకెన్ ఇంకొకరి బల్ల మీద వదిలేసి వస్తున్నాడు. అప్పటి నిషాని ఒక్క కాగితం మీద పడేది. ఈ నిషాని సర్టిఫికెట్ గడువు తీరేదాకా ఎన్ని కాగితాల మీదైనా పడుతుంది.

కోకాపేట బిస్కట్ డబ్బా

2023 ఆగస్టు 3న హెచ్‌ఎండీఏ వేలంలో కోకాపేట నియోపోలిస్ భూమి ఎకరం 100.75 కోట్లు పలికింది. పేపర్లన్నీ ఆ అంకెనే రాశాయి. ఆ చుట్టుపక్కల లేస్తున్న టవర్లలో మనవాళ్ల చెమట ఎంత ఉందో ఎవరూ రాయలేదు. సెంట్రింగ్, ప్లంబింగ్, ఏసీ పని, అల్యూమినియం కిటికీలు, మట్టి లారీలు, కూలీలకు వంట. టోలీచౌకీ నుంచి, మెహదీపట్నం నుంచి, పాత బస్తీ నుంచి తెల్లారే బయల్దేరే సబ్‌కాంట్రాక్టర్లు వీళ్లు. నిన్న మేస్త్రీ, ఇవాళ ప్రైవేట్ లిమిటెడ్ డైరెక్టర్. పని ఇచ్చేవాళ్లు కంపెనీ ఉండాలన్నారు, కన్సల్టెంట్ కంపెనీ పెట్టించాడు. ప్రైవేట్ కంపెనీకి కనీసం ఇద్దరు డైరెక్టర్లు కావాలి కాబట్టి ఇంట్లో ఉన్న బీవీ పేరు రెండోదిగా రాయించాడు. ఆమెకొక టోకెన్. అది ఎలా ఉంటుందో కూడా ఆ ఆపా చూసి ఉండదు.

పోయిన ఏడాది ఒక వార్త పని మీద అక్కడి ఒక కన్సల్టెంట్ ఆఫీసులో గంటసేపు కూర్చున్నాను. పేరు అనవసరం, ఇలాంటివి ఊరంతా ఉన్నాయి. డ్రాయర్ లాగితే లోపల బిస్కట్ డబ్బా, డబ్బా నిండా టోకెన్లు. ఒక్కోదానికి రబ్బరు బ్యాండు, తెల్ల టేపు మీద పేరు, పేరు కింద పిన్. కొన్నిటికి పిన్ కూడా రాయలేదు. అన్నిటికీ ఒకటేనట. టీ తెచ్చే పిల్లాడి చెయ్యి అందేంత దూరంలో ఉంది ఆ డబ్బా. నాకు కనిపించిన పేర్లలో సగానికి పైగా మనవే.

"కైకూ ఫికర్ కర్తే మియా, మై సబ్ దేఖ్ లేతుం" అన్నాడాయన. మంచి మనిషే. నీయత్ మీద నాకు షక్ లేదు. కానీ ఆయన మంచితనం మీద నా ఫిర్యాదు ఆగదు. రేపు ఆయన దగ్గర పనిచేసే కుర్రాడు మానేస్తే? ఆఫీసులో దొంగతనం జరిగితే? ఆయనే అప్పుల్లో పడితే?

ఇంకో సంగతి ఉంది. కంపెనీల శాఖకు పంపే చాలా ఫారాల మీద రెండు సంతకాలు ఉండాలి. ఒకటి డైరెక్టర్‌ది, రెండోది దాన్ని ధ్రువీకరించే ఆడిటర్‌ది గానీ కంపెనీ సెక్రటరీది గానీ. ఒకరి పని మీద ఇంకొకరి కన్ను ఉండాలని చట్టం పెట్టిన ఏర్పాటు అది. బ్యాంకు లాకర్‌కు రెండు చాబీలు ఎందుకు? ఒకటి బ్యాంకుది, ఒకటి మీది, రెండూ పడితేనే తలుపు తెరుచుకుంటుంది. ఇప్పుడు రెండు చాబీలూ ఒకే డ్రాయర్‌లో పడేసి, లాకర్ భద్రంగా ఉందని నిద్రపోతున్నాం. డైరెక్టర్ల మార్పు, కంపెనీ ఆస్తి తాకట్టు నమోదు, లెక్కల దాఖలు, అన్నీ ఆ డ్రాయర్ నుంచే వెళ్లిపోగలవు.

నమ్మకం పెద్ద పేరు చూసి పెడితే సరిపోతుందా?

"చిన్న ఆఫీసు కాబట్టి అలా, పెద్ద సంస్థల్లో ఇలా జరగదు" అనే భాయీలకు కార్వీ గుర్తుచేస్తాను. కోకాపేట నుంచి కొద్ది కిలోమీటర్ల దూరంలోని నానక్‌రామ్‌గూడలో దాని పెద్ద ఆఫీసు. షేర్లు కొని అమ్మే ఖాతాదారులు లావాదేవీలు సులువుగా జరగాలని దానికి పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చారు. అంటే తమ చాబీ ఇచ్చారు. 2019 నవంబర్ 22న సెబీ ఉత్తర్వు ఇచ్చింది. ఖాతాదారుల షేర్లను తనవైపు మళ్లించుకుని, వాటిని తాకట్టు పెట్టి సంస్థ అప్పులు తెచ్చుకుందన్నది అభియోగం. అప్పట్లో పత్రికల్లో వచ్చిన లెక్క ప్రకారం దాదాపు 95 వేల మంది ఖాతాదారులు, 2,300 కోట్లకు పైగా విలువైన షేర్లు.

దాని తర్వాత సెబీ ఏం చేసింది? ఖాతాదారులారా, ఇంకా మంచి బ్రోకర్‌ను నమ్మండి అని చెప్పి ఊరుకోలేదు. షేర్లు తాకట్టు పెట్టాలంటే ఖాతాదారు స్వయంగా ఓటీపీతో ఒప్పుకోవాలనే పద్ధతి తెచ్చింది. 2020 సెప్టెంబర్ నుంచి అది అమల్లో ఉంది. అంటే చాబీని అసలు యజమాని చేతికి తిప్పి ఇచ్చింది. సబఖ్ ఇదే. మనిషి మంచివాడా చెడ్డవాడా అని తేల్చుకునే పని పెట్టుకోవద్దు, చాబీ ఎవరిదో వాళ్ల దగ్గర ఉంచండి.

మన సీరత్‌లో చాబీ, ముహర్

"అలా అడిగితే నమ్మకం లేదనుకుంటారు, బురా మాన్ లేతే" అంటారు మన బుజుర్గులు. వాళ్లకు నా విన్నపం.

ఫతహ్ మక్కా రోజు కాబా చాబీ ఎవరి చేతికి వెళ్లింది? తరతరాలుగా దాన్ని చూసుకుంటున్న ఉస్మాన్ బిన్ తల్హా (రజి.) చేతికి. ఆ చాబీ తమకిమ్మని హుజూర్ (స) సొంత ఖాన్‌దాన్ వాళ్లే అడిగారని రివాయతుల్లో ఉంది. అయినా హక్కుదారుకే తిరిగి అందింది. అమానత్‌లను వాటి హక్కుదారులకు అప్పగించాలన్న సూరె నిసా ఆయత్‌ను చాలామంది ముఫస్సిర్లు ఈ సంఘటనతోనే కలిపి చెబుతారు. ఆ ఖాన్‌దాన్ బనీ షైబా. ఈనాటికీ కాబా చాబీ వాళ్ల దగ్గరే ఉంది. "అప్నా హీ బచ్చా హై" అన్న దలీల్ అక్కడే చెల్లలేదు, మీ కన్సల్టెంట్ ఆఫీసులో ఎలా చెల్లుతుంది?

ఇక ముహర్. ముహర్ లేని ఖత్‌ను బాద్‌షాలు అంగీకరించరని తెలిసి హుజూర్ (స) వెండి ఉంగరం మీద ముహర్ చెక్కించుకున్నారు. అదే నఖ్ష్ ఇంకెవరూ తమ ఉంగరం మీద చెక్కించుకోవద్దని మనా చేశారు. ఒక మనిషికి ఒక ముహర్, దానికి నకలు ఉండకూడదు. ప్రైవేట్ కీ గురించి ఈనాటి ఇంజినీర్లు చెప్పే మొదటి నియమం ఇదే. ఆ ఉంగరం తర్వాత హజ్రత్ ఉస్మాన్ (రజి.) కాలంలో ఆరిస్ బావిలో పడిపోయినప్పుడు మూడు రోజులు వెతికించారు. ముహర్ పోవడం అంటే అంత గంభీరమైన సంగతి. మన ముహర్ ఎక్కడుందో మనకు తెలియకుండా మూడేళ్లు గడిచిపోతున్నాయి.

ఇదంతా మనకు కొత్త ఇల్మ్ కాదు. రహస్య లిపిలో అక్షరాలు ఎన్నిసార్లు వస్తున్నాయో లెక్కపెట్టి దాన్ని విప్పే పద్ధతి గురించి మనకు దొరికిన మొదటి రిసాలా రాసింది తొమ్మిదో శతాబ్దపు అల్ కిందీ. ఆ వారసత్వం గురించి తఖ్రీర్లు ఇస్తాం, ఫోన్‌కు మాత్రం 786 పెట్టుకుంటాం.

786 పాస్‌వర్డ్ కాదు

అవును, ఆ మాటకే వస్తున్నాను. మన ఇళ్లలో సగం తాళాలు 786 మీద నడుస్తున్నాయి. 0786, 786786, పిల్లవాడి పేరు పక్కన 786. మీ పేరు తెలిసిన దొంగ మొట్టమొదట ప్రయత్నించేది అదే. బర్కత్ కోసం పెట్టిన సంఖ్య తలుపు బార్లా తెరిచి పెడుతోంది. కొత్త టోకెన్లు కొన్ని 12345678 లాంటి పిన్‌తో వస్తాయి, దాన్ని మార్చని వాళ్లూ చాలామంది.

"సరే, పిన్ మార్చేస్తాను" అంటారు. మార్చండి. కానీ మార్చడం వల్ల ఏమవుతుందో, ఏం కాదో తెలుసుకుని మార్చండి.

టోకెన్ అయితే ప్రైవేట్ కీ లోపలి చిప్‌లోనే పుడుతుంది, బయటికి కాపీ కాదు. కాబట్టి టోకెన్ మీ చేతికి తెచ్చుకుని పిన్ మార్చితే రేపటి తలుపు మూసుకున్నట్టే. నిన్నటిదాకా వేసిన సంతకాలు మాత్రం అలాగే ఉంటాయి. అందుకని పిన్ మార్చిన రోజే కంపెనీ రికార్డు, జీఎస్టీ రికార్డు తీయించి మీ పేరున ఏమేం వెళ్లాయో చూడండి. టోకెనే కనబడకపోతే పిన్ ఊసు వదిలేసి, సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు రాసి దాన్ని రద్దు చేయించండి.

కీ ఫైలు రూపంలో ఉంటే లెక్క వేరు. ఐటీ ఆఫీసుల్లో పనిచేసే మన పిల్లలు సర్వర్ల కోసం, ఈమెయిల్ కోసం వాడే కీలు ఇలాంటివే. పాస్‌ఫ్రేజ్ ఆ ఫైలుకు వేసిన తాళం మాత్రమే, లోపలి కీ వేరు. ఇంటి చాబీని ఒక డబ్బాలో పెట్టి డబ్బాకు తాళం వేశారనుకోండి. డబ్బా తాళం మార్చితే, నిన్ననే డబ్బాతో సహా నకలు చేయించుకుపోయినవాడికి ఏం నష్టం? వాడి దగ్గరున్న పాత ఫైలు పాత పాస్‌ఫ్రేజ్‌తోనే తెరుచుకుంటుంది. ఫైలు బయటికి పోయిందనుకుంటే పాస్‌ఫ్రేజ్ మార్చి చేతులు దులుపుకుంటే చాలదు. ఆ కీని రద్దు చేసి, సర్వర్ల నుంచి దాన్ని తీసేసి, కొత్త జోడీ చేసుకోవాలి.

పొడవు సంగతి కూడా ఇలాగే. టోకెన్ పిన్ పొట్టిగా ఉన్నా గడుస్తుంది, ఎందుకంటే కొన్నిసార్లు తప్పు కొడితే టోకెన్ తనే బిగుసుకుపోతుంది. ఫైలుకు ఆ హద్దు లేదు. దొంగ తన ఇంట్లో కూర్చుని రాత్రంతా కోట్లసార్లు ప్రయత్నించగలడు. అందుకే దానికి ఒక్క మాట కాక, ఐదారు మాటల పాస్‌ఫ్రేజ్ కావాలి. కళ్లు మూసుకుని ఒక లావుపాటి నిఘంటువు తెరిచి వేలు పెట్టండి, ఆ మాట తీసుకోండి. అలా ఐదారుసార్లు. సగం ఉర్దూ, సగం తెలుగు, ఇంగ్లిష్ అక్షరాల్లో. ఆయత్, షేర్, పాట, పిల్లల పేర్లు వద్దు, అవి మీ ఒక్కరికే తెలిసినవి కావు.

మూడు నెలలకోసారి మార్చాలనే ఆదత్‌ను కూడా వదిలేయండి. అలా బలవంతంగా మార్పించడం వల్ల మనుషులు చివర ఒకటి తీసి రెండు పెడతారు, అంతే. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే ఇలా గడువు పెట్టి మార్పించొద్దని, బయటపడిందన్న ఆధారం ఉంటే మార్పించమని రాసింది. మార్చాల్సిన వేళలు వేరే ఉన్నాయి. పనివాడు మానేసినప్పుడు, ఫోన్ పోయినప్పుడు, ఎవరైనా చూశారనిపించినప్పుడు, భాగస్వామ్యం విడిపోయినప్పుడు, ఖులా గానీ తలాఖ్ గానీ జరిగినప్పుడు.

"ఛుపానే కో క్యా హై?"

ఇది ఇంకో దలీల్. మనం తప్పు చేయట్లేదు, దాచుకోవడానికి ఏముంది అంటారు. 2021 అక్టోబర్‌లో హైదరాబాద్ రోడ్ల మీద పోలీసులు బైకులు ఆపి, ఫోన్లు తెరిపించి, వాట్సాప్‌లో గంజాయి అనే మాట వెతికిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. ఫోన్ ఇచ్చినవాళ్లలో ఎంతమంది గంజాయి వ్యాపారులు? వాళ్ల ఫోన్లలో ఉన్నవి బీవీతో మాటలు, చెల్లెలి రిష్తా ఫోటోలు, అబ్బా హాస్పిటల్ రిపోర్టులు. అవి జుర్మ్ కాదు, ఇజ్జత్. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ప్రైవసీ ప్రాథమిక హక్కు అని చెప్పింది. తాళం తెరిపించే అధికారం ప్రభుత్వానికి అసలు లేదని నేననను. ఐటీ చట్టం 69వ సెక్షన్ ఉంది, దానికి రాతపూర్వకమైన ఉత్తర్వు, పద్ధతి ఉన్నాయి. రోడ్డు మీద "ఖోల్" అనడం ఆ పద్ధతి కాదు. తన చాబీ విలువ తెలియనివాడికి ఈ తేడా కూడా తెలియదు.

ఒక చేదు మాట కూడా చెప్పాలి. పేరు చూసి షక్ చేసే రోజులివి. మన పేరున ఉన్న సిమ్‌తో, లాగిన్‌తో, టోకెన్‌తో ఇంకెవడో ఏదో చేస్తే, అది మనం కాదని నిరూపించుకోవడానికి మనకు పట్టే కాలం ఎక్కువ. ఈ లాపర్వాహీ ఎవరికైనా నష్టమే, మనకు రెట్టింపు నష్టం.

చాబీ ఖబర్‌లోకి పోకూడదు

ఎవరికీ ఇవ్వొద్దంటే మనతోపాటే పోగొట్టుకోమని కాదు. టోకెన్ బిగుసుకుపోతే లోపలి కీ మళ్లీ చేతికి రానట్టే అనుకోండి, కొత్త సర్టిఫికెట్ తీసుకోవాలి. వాట్సాప్ బ్యాకప్‌కు పెట్టుకున్న పాస్‌వర్డ్ గానీ 64 అంకెల కీ గానీ పోతే ఆ కంపెనీ కూడా తెరవలేదు. సౌదీలోనో దుబాయ్‌లోనో మనిషి ఇంతిఖాల్ అయితే, ఇక్కడ బేవా ఆయన ఫోన్ పట్టుకుని తిరగడం నేను చూశాను. తర్కాలో ఆమెకు, పిల్లలకు ఎంత హిస్సా ఉందో షరీయత్ తేల్చింది. ఆ ఆస్తి ఎక్కడెక్కడుందో చెప్పే కాగితమే లేదు.

కాగితం మీద రాయడం తప్పని కొందరు ఐటీ పిల్లలు నవ్వుతారు. డ్రాయర్‌లో టేపు మీద రాయడం తప్పు. లిఫాఫాలో పెట్టి, అంటించి, అంటించినచోట దస్తఖత్ చేసి, వసియ్యత్ కాగితాలతో బీరువాలో పెట్టడం తప్పు కాదు, అక్లమందీ. ఎక్కడుందో బీవీకో పెద్ద కూతురికో చెప్పండి. అంటు చెదిరి కనిపిస్తే అన్నీ మార్చేయండి.

"నాకు ఇంగ్లిష్ రాదు, ఈ పని చేతకాదు" అనేవారికి కూడా దారి ఉంది. పని ఆడిటరే చేయనివ్వండి, అది ఆయన ఇల్మ్. సంతకం వేళకు టోకెన్ పట్టుకుని మీరు వెళ్లండి, పక్కన కూర్చోండి. ఇది ఏ ఫారం, ఎంత రఖం, ఎవరి పేరున అని అడగండి. పిన్ మీ వేళ్లతో కొట్టండి, టోకెన్ జేబులో వేసుకుని రండి. పది నిమిషాల పని. దీనికి బురా మానే ఆడిటర్ ఉంటే ఆడిటర్‌ను మార్చండి.

మసీదు, దర్గా, ఖబ్రిస్తాన్ కమిటీలకు ప్రత్యేకంగా ఒక మాట. 2025 జూన్ 6న ఉమీద్ పోర్టల్ వచ్చాక వక్ఫ్ ఆస్తుల వివరాలు దానిలోకి ఎక్కించాల్సి వచ్చింది. ఆర్నెల్ల గడువు డిసెంబర్‌లో అయిపోయింది. ఆ హడావుడిలో కంప్యూటర్ తెలిసిన కుర్రాళ్లు రాత్రింబవళ్లు కూర్చుని పని చేశారు, అల్లాహ్ వాళ్లకు అజర్ ఇవ్వాలి. ఇప్పుడు హడావుడి లేదు. ఆ లాగిన్‌కు ఏ నంబరు ఇచ్చారు? ఏ ఈమెయిల్? ఆ ఫోన్ ఇవాళ ఎవరి జేబులో ఉంది? మీ సొంత ఆస్తి అయితే మీ ఇష్టం అనొచ్చు. వక్ఫ్ ఆస్తి ముతవల్లీది కూడా కాదు. దాని చాబీ ఎవరి దగ్గరుందో కమిటీ మినిట్స్ పుస్తకంలో రాసి ఉండాలి, మనిషి మారిన రోజే పాస్‌వర్డ్ మారాలి.

వచ్చే జుమా తర్వాత మీ కమిటీ సెక్రటరీని ఈ మూడు ప్రశ్నలూ అడగండి. సోమవారం ఆడిటర్ ఆఫీసుకు వెళ్లి మీ టోకెన్, మీ ఇంటి ఆపా టోకెన్ తెచ్చుకోండి. పిన్ ఆమెది ఆమె చేత, మీది మీరు మార్చండి.

వస్సలామ్.